సఫర్‌బర్‌లిక్

1914 ఆగస్టులో ఉస్మానియా ప్రభుత్వం జారీ చేసిన సైన్య సమీకరణ ఉత్తర్వుకు తుర్కీ భాషలో 'సఫర్‌బర్‌లిక్' అని పేరు. ఇందులో 'సఫర్' అరబీ, 'బర్' ఫార్సీ, 'లిక్' తుర్కీ ప్రత్యయం. సేనలను యుద్ధసన్నద్ధం చేయుట అని నిఘంటువు చెబుతుంది. ఆ కాలపు అరబ్బు కుటుంబాల జ్ఞాపకాలను అనువదించేవారికి ఈ అర్థం చాలదు.

సిరియాలో ఈ మాటను జనం 'సఫర్ బర్ర్', అనగా భూమార్గ ప్రయాణం, అని విడదీసుకొన్నారు. వ్యాకరణం ఒప్పుకోదు గాని, కొడుకునో భర్తనో దూరపు యుద్ధరంగానికి పంపిన ఇంటికి అదే అర్థం. పోషకుడు సైన్యంలోకి పోయిన కుటుంబానికి తలకు నెలకు 30 కురూషుల భత్యం నిర్ణయమైంది. నూరు కురూషులు ఒక లీరా. కాగితపు నోటు విలువ పడిపోతూ ఉంటే ఆ భత్యం రొట్టెకైనా చాలలేదు. అదీ సకాలంలో అందేది కాదు. భత్యం కోసం స్త్రీలు అధికారులకు పంపిన అర్జీలు, తంతివార్తలు ఇస్తాంబుల్ దస్తావేజులలో నేటికీ ఉన్నవి. సేనానుల లేఖలకన్న అవే నాకు విలువైనవిగా తోస్తాయి.

1915లో మిడతల దండు సిరియా, పాలస్తీనాల పైరును తినివేసింది. తీరాన్ని మిత్రరాజ్యాల నౌకలు దిగ్బంధించాయి. ఉన్న ధాన్యాన్ని సైన్యం తీసికొంది, కొంత వర్తకులు దాచారు. పట్టుపురుగుల పెంపకంతో బ్రతికే లెబనాను కొండలకు తిండిగింజలు బయటినుండే రావాలి. అక్కడి సుమారు 4 లక్షల జనంలో మూడవ వంతు మరణించారని కొందరు, సగమని మరికొందరు అంచనా వేశారు. ఆ కొండల్లో 'సఫర్‌బర్‌లిక్' అంటే కరువు.

మదీనాలో కథ వేరు. 1908లో హిజాజ్ రైలుమార్గం ఆ నగరాన్ని చేరింది. 1916 జూన్‌లో మక్కా షరీఫ్ హుసైన్ తిరుగుబాటు చేశాక, ముట్టడిలో ఉన్న మదీనాకు ఆ రైలే ఆధారం. వచ్చే ఆహారం సైన్యానికే చాలదని సేనాని ఫఖ్రీ పాషా పౌరులను రైళ్లలో డమాస్కస్ వైపు పంపివేశాడు. ఒకప్పుడు హాజీలను తెచ్చిన బండ్లు ఇప్పుడు ప్రవక్త నగరవాసులను తరలించాయి. ఊరు చాలవరకు ఖాళీ అయింది. యుద్ధానంతరం కొందరు తిరిగివచ్చారు, కొందరు అక్కడే ఉండిపోయారు.

ఫఖ్రీ పాషా 1918 అక్టోబరు సంధి తరువాత కూడా లొంగక, 1919 జనవరి వరకు నిలిచాడు. మిడతలను తినుమని సైనికులకు ప్రకటన ఇచ్చాడు. మిడత హలాలే గనుక అందులో ఆక్షేపణ లేదు. తుర్కీ రచయితలు అతని పట్టుదలను మెచ్చుకొన్నారు, మెచ్చదగినదే. అయితే పౌరుల తరలింపును పాలనా వ్యవహారంగా ఒక వాక్యంలో దాటవేయడం న్యాయం కాదు.

కనుక మదీనా వృద్ధుల జ్ఞాపకాలలో 'సఫర్‌బర్‌లిక్' అని వచ్చినచోట 'సమీకరణ' అని వ్రాయరాదు. 'ఊరు ఖాళీ చేయించిన కాలం' అని వ్రాయాలి. లెబనాను వారి నోట వస్తే 'కరువు' అనే వ్రాయాలి.