తామరకు చుట్టమెవరు?



మన చెరువుల్లో తామర, కలువ పక్కపక్కనే పూస్తాయి. రెంటికీ దుంప బురదలో, పువ్వు నీటిపైన. చూసినవారెవరైనా అక్కచెల్లెళ్లే అంటారు. స్వీడన్ దేశపు లిన్నేయస్ పండితుడు పువ్వుల్లోని కేసరాలు లెక్కపెట్టి మొక్కలను వర్గాలు చేసినాడు. 1753లో ఆయన కూడా ఈ రెంటినీ ఒకే ప్రజాతిలో చేర్చినాడు. తరువాతివారు పేర్లు వేరు చేసినా, దగ్గరి చుట్టాలన్న నమ్మకం చాలాకాలం పోలేదు.

సంగతి తేల్చింది డి.ఎన్.ఎ. అది ప్రతి కణంలోను ఉండే వంశపు రాత. అందులో అక్షరాలు నాలుగే. తాటాకు గ్రంథానికి నకలు రాసే లేఖకుడు అక్కడక్కడ పొరబడినట్లే, తరం మారేటప్పుడు ఎప్పుడో ఒక అక్షరం మారుతుంది. ఒకే తప్పులు రెండు నకళ్లలో కనబడితే రెంటికీ మాతృక ఒకటేనని గ్రహిస్తాం గదా! మొక్కల లెక్కా అంతే. అయితే ఒకటీ అరా తప్పు కాకతాళీయం కావచ్చు. అందుకని వందల అక్షరాలు పోల్చాలి.

1993లో మార్క్ చేజ్ మొదలైన 42 మంది శాస్త్రజ్ఞులు 499 జాతుల విత్తన మొక్కలలో ఒకే జన్యువును పోల్చి చూశారు. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకొనడానికి కావలసిన జన్యువది. పొడవు సుమారు 1,400 అక్షరాలు. ఏం తేలిందంటారా? తామరకు దగ్గరి చుట్టం కలువ కాదు. మన అరకు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ చెట్టు కుటుంబం! 1998 నాటి కొత్త వర్గీకరణలో ఆ రెంటినీ ఒకే క్రమంలో చేర్చారు. కలువ అయితే పూల మొక్కల వంశంలో ఎంతో ముందే చీలిపోయిన కొమ్మ. నీటి బ్రతుకు రెంటికీ ఒకే వేషం వేసిందన్నమాట.

“ఇది మాకెందుకయ్యా?” అంటారేమో. టమాటో సంగతి చూడండి. లిన్నేయస్ దాన్ని వంగతో కలిపి పెట్టినాడు. 1754లో ఇంగ్లండులో మిల్లర్ వేరు చేసినాడు. డి.ఎన్.ఎ. మళ్లీ వంగ ప్రజాతిలోకే తెచ్చింది. చుట్టాలకు తెగుళ్లు కూడా ఉమ్మడే. టమాటో, వంగ, మిరప, బంగాళాదుంప నాలుగింటినీ బాక్టీరియా ఎండు తెగులు పడుతుంది. టమాటో ఎండిన మడిలో వంగ నాటి, పంట మార్చామని తృప్తిపడకండి. జొన్నో, మొక్కజొన్నో వేయండి. తెగులు తట్టుకొనే అడవి వంగ వేరు మీద టమాటో అంటు నిలవడం కూడా ఈ చుట్టరికం చలవే.

పిల్లనిచ్చే ముందు వంశం విచారిస్తాం. పంట మార్చే ముందు కూడా ఒక్కమాట విచారించండి.