పోటు ముంచిన విమానం

నిజాంపట్నం రేవులో నీరు తీసిన వేళ కనుచూపు మేర బురదే. రేపల్లె నుంచి అటు వెళ్లినప్పుడల్లా, ఎక్కడో ఇంగ్లండులో సెవర్న్ నది బురదలో పడిపోయిన ఒక విమానం గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది.

బ్రిస్టల్ బ్రిటానియా రెండో నమూనా అది. దూరప్రయాణాలకే పుట్టింది. గాల్లోకి లేచి ఆరు వారాలే అయింది. 1954 ఫిబ్రవరి 4న డచ్చి సంస్థ కేఎల్ఎమ్ ప్రతినిధులను ఎక్కించుకుని బయల్దేరింది. దాని ప్రొటియస్ ఇంజన్ల బాధ్యత మోసిన స్టాన్లీ హుకర్ కూడా లోపలే ఉన్నాడు.

ఆ ఇంజన్లో టర్బైను నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతుంది. ప్రొపెల్లరుకు అందులో పదో వంతు చాలు. ఆ తేడానంతా మోసేవి మధ్యనున్న గేర్లు. దూరప్రయాణమంటే ఆ పళ్లు గంటల తరబడి ఒకదాన్నొకటి పట్టుకుంటూ పోవాలి. తెనాలి, బాపట్ల షెడ్లలో గేరుబాక్సులు విప్పే మెకానిక్కులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కారు వెనక్కి నడిపితే వచ్చే ఆ రొద నిలువు పళ్లదే. నిలువు పన్ను బరువును ఒక్క దెబ్బలా అందుకుంటుంది. ఏటవాలు పళ్లయితే ఒకటి వదిలేలోపే ఇంకొకటి భుజం పడుతుంది. ప్రొటియస్‌కు పెట్టినవి నిలువు పళ్లు. మూడో ఇంజన్లో అవి ఊడిపోయాయి. మోసే బరువు తప్పడంతో టర్బైను వెర్రెత్తినట్టు తిరిగి పగిలింది. ఆయిలు అంటుకుంది.

మంటలు ఆరలేదు. రెక్క ఏ క్షణాన తెగుతుందో! పైలట్ బిల్ పెగ్ చక్రాలు దించకుండానే బురద మీదికి దింపేశాడు. ఆ బురదే నిప్పునార్పింది. అందరూ బతికారు. ఆయన చేతులకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

హుకర్ బృందం వెంటనే ఏటవాలు పళ్లకు మారింది. గేరు జబ్బు నయమైంది, కాలం మాత్రం ఆగలేదు. తర్వాత ఇంజన్లలో మంచు పేరుకునే బాధ మొదలైంది. బ్రిటానియా ప్రయాణికులను ఎక్కించుకునేసరికి 1957 ఫిబ్రవరి వచ్చింది. ఆ డిసెంబరులోనే లండన్ నుంచి న్యూయార్కుకు ఎక్కడా ఆగకుండా ఎగిరింది. అంత చప్పుడు లేకుండా పోయేది కాబట్టి ‘గుసగుసలాడే రాకాసి’ అని ముద్దుగా పిలిచారు. పది నెలలకే అట్లాంటిక్ మీదికి కామెట్, బోయింగ్ 707 జెట్లు వచ్చేశాయి. బ్రిటానియాలు తయారైనవి మొత్తం 85.

1954 ఫిబ్రవరిలో ఆ నాడు సెవర్న్‌లో మనుషులు దిగి ఒడ్డుకు చేరారు, విమానం అక్కడే ఉండిపోయింది. పోటు వచ్చింది. తర్వాత పైకి లాగారు గానీ, ఉప్పునీరు తాగిన ఆ ఒళ్లు మళ్లీ ఎగరలేదు.