షోళవరం వేగం, ఈసీఆర్ ఇసుక

నా బడి చదువంతా తమిళంలోనే. తెలుగు రాయడం మా అమ్మ నేర్పింది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయిన నెల మా మనవడు ఈసీఆర్‌లో ఒక చోట ఏటీవీ ఎక్కి, అది బోల్తాపడి, భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ చోటు పేరు ఇక్కడ రాయను. వాడికి పద్నాలుగేళ్లు. కట్టుతో పడుకుని కూడా వాడు అడిగింది ఒకటే: "తాతా, ఆ బండి గంటకి ఎంత పోతుంది?" జవాబు చెప్పబోతే నాకు షోళవరం గుర్తొచ్చింది.

మనలో పెద్దవాళ్లకు తెలుసు. రెడ్‌హిల్స్ దాటి జీఎన్‌టీ రోడ్డులో పోతే షోళవరం. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ విమానాలకోసం రన్‌వే వేశారు. యుద్ధం ముగిశాక అది ఊరికే పడి ఉంది. 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడింది. ఆ పాడుబడ్డ రన్‌వే మీదే ఏళ్ల తరబడి కార్లకు, మోటార్‌సైకిళ్లకు పందేలు నడిపారు. మద్రాసు వేగం రుచి చూసింది అక్కడే. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బువాళ్ల సొంత ట్రాక్ వచ్చింది.

నేను రైల్వేలో చేరిన కొత్తలో పార్సిల్ ఆఫీసులో గుమాస్తాని. పందేల రోజులు దగ్గరపడితే బొంబాయి నుంచి, కలకత్తా నుంచి మోటార్‌సైకిళ్లు గోనెసంచులు చుట్టుకుని దిగేవి. ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా తీసేశాకే బుక్ చేయాలని రూలు. అన్ని గుర్రాల బలమున్న బండిని ఇద్దరు కూలీలు చేత్తో తోసుకుంటూ పోతుంటే నాకు నవ్వొచ్చేది. ఆదివారం నేను, నా స్నేహితులు బస్సెక్కి వెళ్లి ఎండలో నిలబడి అవే బండ్లు గర్జిస్తూ పోవడం చూసేవాళ్లం.

ఆ రోజుల్లో కుర్రాళ్ల కలల బండి రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ350ని మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి తయారుచేసింది. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 347 సీసీ. సిలిండర్ అడ్డకొలత 64 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 54. జపాన్ బండికి 39 గుర్రాల బలం. ఇక్కడ పెట్రోలు ఖర్చు చూసుకుని దాన్ని 30 దాకా తగ్గించారు. అయినా అది గంటకు 150 దగ్గరికి పోయేదని చెప్పుకునేవారు.

ఇప్పుడు మావాడి ప్రశ్న. 1970లో హోండా మూడు చక్రాల ఏటీవీని అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది. 1985లో సుజుకి నాలుగు చక్రాలతో క్వాడ్‌రేసర్ తెచ్చింది, పందెం కోసమే చేసిన బండి. 1987లో యమహా బాన్షీ తెచ్చింది. దాని ఇంజన్ ఏదనుకున్నారు? మన ఆర్‌డీ350 వంశమే. అదే 64, అదే 54, అదే 347 సీసీ. గాలికి బదులు నీటితో చల్లబడుతుంది, అంతే. మరి వేగం? సుమారు 110.

ఇంజన్ ఒక ఇంటిదే అయినా వేగం ఎందుకు తగ్గింది? నేల మారింది కాబట్టి. ఏటీవీ టైర్లు వెడల్పు, వాటిలో గాలి నాలుగైదు పౌండ్లకు మించదు. ఇసుకలో కూరుకుపోకుండా ఉండడానికే అలా. మెత్తటి ఇసుక బలాన్ని తినేస్తుంది. గేర్లు కూడా లాగడానికి అమర్చినవి, పరుగుకు కాదు. పైగా ఆట ఏటీవీల్లో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి. కారులోలా మలుపులో ఒకటి నిదానంగా, ఒకటి వేగంగా తిరగదు. తోలేవాడు ఒళ్లు లోపలి వైపుకు వంచి బరువు మార్చాలి. మార్చకపోతే బండి తిరగదు, లేదా తిరగబడుతుంది. మావాడికి ఇది ఎవరూ చెప్పలేదు. అమ్మకానికి కంపెనీ చెప్పేది వేగం ఒక్కటే, బరువు మార్చడం కాదు.

అమెరికాలో ప్రాణాలు చాలా పోయాక 1988లో కంపెనీలు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాయి. మూడు చక్రాల బండ్లు అమ్మడం ఆపేశాయి. పదహారేళ్ల లోపు పిల్లలకు 90 సీసీ మించిన బండి వద్దన్నాయి. మావాడు ఎక్కింది బాన్షీ అంత దుడుకుది కాదు. కానీ పెద్దవాళ్ల కొలతకు చేసిందే. తలకు హెల్మెట్ ఇవ్వలేదు. డబ్బు తీసుకుని తాళం చేతికిచ్చారు.

షోళవరంలో పందేనికి ముందు బండిని పరీక్షించేవారు, హెల్మెట్ చూసేవారు. బోలెడు వేగం ఉన్నచోట అంత జాగ్రత్త. ఇసుకలో 30, 40కి పోయే చోట ఏ జాగ్రత్తా లేదు. 30 చాలు ఎముక విరగడానికి.

వచ్చే నెల మన సంఘం పిల్లల్ని ఈసీఆర్ విహారానికి తీసుకెళ్తోంది కదా. కమిటీవారికి నా మనవి ఒకటే. ఏటీవీ ఉంటే ముందు మనలో ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లి చూడాలి. ఇంజన్ ఎన్ని సీసీ, హెల్మెట్ పిల్లల తలకు సరిపోతుందా, వంగడం నేర్పేవాడు ఉన్నాడా అని అడగాలి. లేకపోతే ఆ డబ్బుతో పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిపెడదాం. ఆ రెండో పెద్దమనిషి ఎవరో చూసుకోండి. మొదటివాణ్ని నేను వస్తాను.

మనవడికి జవాబు చెప్పాను: "నూటపది పోతుంది నాన్నా. నువ్వు ఎంతలో పడ్డావో అది చెప్పు." వాడు నవ్వబోయి భుజం పట్టుకున్నాడు.