బాయి నుంచి ఓసీకి

గోదావరి లోయ బొగ్గు ప్రాంతంలో గనిని జనం 'బాయి' అంటారు. బాయి అంటే బావి. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైన నాటినుంచి కార్మికుడు భూమిలోకి దిగి బొగ్గు తెచ్చాడు. పైన ఊరూ, చేనూ చాలావరకు నిలిచాయి.

సింగరేణిలో తొలి ఉపరితల గని, అంటే ఓపెన్‌కాస్ట్, 1975లో గోదావరిఖనిలో వచ్చింది. జనం నోట అది 'ఓసీ' అయింది. ఇందులో దిగడం లేదు. పైనున్న మట్టినీ, రాతినీ పేల్చి, ఎత్తి, గుట్టలుగా పోస్తారు. భూగర్భ గనిలో కప్పుకు ఆసరాగా వదిలే బొగ్గు సైతం ఇక్కడ దక్కుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని గెవ్రా, ఒడిశాలోని తాల్చేరు ఈ పద్ధతికి పేరుపడ్డ చోట్లు. నేడు దేశపు బొగ్గులో నూటికి తొంభై పాళ్లకు పైగా ఇలా వచ్చేదే.

యంత్రం పెరిగిన కొద్దీ మనిషి తగ్గాడు. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపు. అంతకన్నా పెద్ద మార్పు మరొకటుంది. బాయి ఊరి కింద సాగేది. ఓసీకి ఊరే అడ్డం.

2025 ఏప్రిల్‌లో సింగరేణి ఒడిశాలోని అంగుల్ జిల్లా నైనీలో తవ్వకం ప్రారంభించింది. తెలంగాణ వెలుపల దానికిదే మొదటి గని, అదీ ఓసీయే. గోదావరి లోయకు కొనసాగింపైన చంద్రపూర్ ప్రాంతంలోనూ ఓసీలున్నాయి.

ఊరు లేచాక దస్త్రాల్లో పరిహారం లెక్క మిగులుతుంది. చెరువు పేరు, చేని పేరు, బొడ్రాయి ఉన్న చోటు మిగలవు. గనుల దాపున చదివే మన విద్యార్థులు వాటిని పెద్దల నోట విని ఇప్పుడే రాసి ఉంచితే, రేపటి చరిత్రకారుడికి అదే ఆధారం.