సీసమునకు బదులు తగరము

ఇత్తడి గిన్నెలో పులుసు కాచినచో చిలుము దిగి విషమగును. అందుచే కొవ్వూరు వంటి గోదావరి తీరపు ఊళ్లలో కళాయి పోయువారు వీధివీధి తిరిగెడివారు. గిన్నెను కాచి, నవాసారము చల్లి, కరగిన తగరమును గుడ్డతో పులిమినచో తెల్లని పలుచటి పొర ఏర్పడును. విషమును తొలగించుటకే ఆ తగరమును నేడు సౌరఘటములలో గూడ వాడి చూచుచున్నారు.

2009లో జపానున మియసాకా బృందము పెరోవ్‌స్కైటు జాతి పదార్థముతో సౌరఘటమును చేసెను. అది సూర్యశక్తిలో నూటికి 3.8 వంతులను విద్యుత్తుగా మార్చినది. తరువాతి పదునైదేండ్లలో ఆ సంఖ్య 25 దాటినది. అయితే ఆ పదార్థమున సీసము కలదు. పలక పగిలి వాననీరు తగిలినచో సీసము కరిగి నేలలో చేరవచ్చును. కాబట్టి 2014లో బ్రిటనులోను, అమెరికాలోను రెండు బృందములు సీసము స్థానమున తగరమును ఉంచి సుమారు 6 వంతులు సాధించినవి. కాని గాలి సోకినచో అందలి తగరపు అయాను మరి రెండు ఎలక్ట్రానులను కోల్పోవును, పొర చెడును.

తగరముతో వేరొక మార్గము అంతకు ముందే మన తిరుపతిలో తొక్కబడినది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆచార్య కె. టి. రామకృష్ణారెడ్డి, సహచరులు తగరపు సల్ఫైడును ఎన్నుకొనిరి. తగరము, గంధకము రెండును సులభముగా దొరకునవే. ఈ పదార్థపు పొర మిల్లీమీటరులో వేయవ వంతు దళసరి యున్నను వెలుగును చాలవరకు పీల్చుకొనును. చేయు విధానమును సులభమే. తగరపు క్లోరైడును, గంధకమునిచ్చు థయోయూరియా జాతి పదార్థమును కరగించి, ఆ ద్రావణమును కాగిన గాజుపలకపై సన్నని తుంపరలుగా చల్లుదురు. ద్రవము ఆవిరియై పోవును. తగరము గంధకముతో కూడి పొరగా నిలుచును.

ఇంగ్లండుకు చెందిన ఆర్. డబ్ల్యు. మైల్సుతో కలిసి వారు 2006లో ప్రకటించిన ఘటము నూటికి 1.3 వంతులు మాత్రమే ఇచ్చినది. దాని వోల్టేజి 0.26, ఇట్టి పదార్థమునుండి ఆశింపదగిన దానికంటె చాల తక్కువ. పైగా అందు రెండవ పొర కాడ్మియము సల్ఫైడు. కాడ్మియమును విషమే గదా! 2014లో హార్వర్డున గోర్డన్ బృందము కాడ్మియమును వదలి, జింకు సమ్మేళనపు పొరతో 4.36 వంతులు సాధించెను.

సీసము కలిసిన తగరముతో కళాయి పోసినచో, విషమును ఆపవలసిన పూతయే విషమగును. సౌరఘటమునకును ఇదే పరీక్ష. సీసము లేదనిన చాలదు, పొరపొరను పరిశీలింపవలెను.