చోక్ తీగ చెప్పిన సాక్ష్యం

అంబాసిడర్ చరిత్ర అనగానే మంత్రుల కాన్వాయ్‌లు, ఎర్రబుగ్గలు గుర్తుకు రావడం సహజం. నాకు మాత్రం ఆదిలాబాదులో ఒక డిసెంబరు వేకువ, కదలని మా 1972 నాటి మార్క్ 2, వెనక సీటులో ఆయాసపడుతున్న మా నాయనమ్మ గుర్తుకు వస్తారు.

చలికి కారు మొరాయించడం కారు పుట్టుకంత పాత కథ. తొలినాళ్ళలో ముందువైపు ఇనుప హ్యాండిల్ దూర్చి ఇంజన్‌ను చేత్తో తిప్పేవారు. అది ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్‌తో వచ్చి ఆ గండాన్ని తప్పించింది. ఇక మిగిలింది పెట్రోలు సమస్య. ఇంజన్‌కు సుమారు 15 పాళ్ళ గాలికి 1 పాలు పెట్రోలు కావాలి. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కనుక పాలు పెంచాలి. అందుకే డ్యాష్‌బోర్డు మీద చోక్ మీట. 1950ల చివర మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్‌కూ అదే దిక్కు.

ఆ వేకువ నాన్నగారు చోక్ లాగుతూనే ఉన్నారు. ఇంజన్ బద్ధకంగా మూలిగి ఆగిపోయేది. చివరకు నాయనమ్మను పక్కింటివారి జీపులో ఆసుపత్రికి చేర్చాము. సమయానికి చేరాము గనుక దక్కింది.

మధ్యాహ్నం వచ్చిన మెకానిక్కు పెద్దాయన, "జర ఆగుండ్రి సారూ, ఇంజన్ల పెట్రోల్ నిండింది" అని ప్లగ్గులు విప్పాడు. తడిసి ఉన్నాయి. అంటే పెట్రోలు అందుతున్నది. హెడ్‌లైట్లు వేసి స్టార్టరు తిప్పమన్నాడు. దీపాలు మసకబారలేదు, అంటే బ్యాటరీ దోషం కాదు. అయినా స్టార్టరు నీరసంగానే తిరిగింది. అప్పుడాయన బానెట్ కింద చోక్ తీగను తాకి చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. అది కాలుతున్నది!

ఇంజన్‌ను ఛాసిస్‌తో కలిపే ఎర్త్ పట్టీ తుప్పు పట్టింది. స్టార్టరుకు కావలసిన పెద్ద కరెంటు తిరుగుదారి లేక సన్నని చోక్ తీగ గుండా పోతున్నది. వేసవిలో ఇంజన్ సులువుగా తిరుగుతుంది కనుక ఈ లోపం కనపడలేదు. చలిలో ఆయిలు చిక్కబడి, స్టార్టరు మరింత కరెంటు కోరడంతో బయటపడింది. ఏటా చలిని నిందించాము. చలి జబ్బు కాదు, ఉన్న జబ్బును చూపించే పరీక్ష. పట్టీ మార్చాక ఆ బండి మరే డిసెంబరులోనూ మొరాయించలేదు.

2000 తర్వాత ఉద్గార నిబంధనలు బిగిసేకొద్దీ కార్బురేటరు స్థానంలో ఇంజెక్షన్ వచ్చింది. చోక్ మీట కనుమరుగైంది. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. నేడు పెట్రోలు పాలును కంప్యూటరు చూసుకుంటుంది. తుప్పు పట్టిన పట్టీ మాత్రం నేటికీ తుప్పు పట్టిన పట్టీయే. మీ పెరట్లో ఇంకా ఒక ముసలి బండి ఉంటే, చోక్ మరోసారి లాగే ముందు ఆ పట్టీని ఒక్కసారి చూడండి. ఇంట్లో ఎవరికి ఏ వేకువ అవసరం పడుతుందో చెప్పలేము.