కంభం, మార్కాపురం సీమ: కంపెనీ కాలం, రైలు కాలం

గుండ్లకమ్మ ఎగువన కంభం, గిద్దలూరు, మార్కాపురం ఉన్న నేల 1792కూ 1800కూ మధ్య ముగ్గురు ఏలికల చేతులు మారింది. ఆ మార్పులు ఇక్కడి వాళ్లు చేసిన యుద్ధాల వల్ల వచ్చినవి కావు. శ్రీరంగపట్నంలో ఓడిన టిప్పు సుల్తాను 1792లో సగం రాజ్యం వదులుకున్నప్పుడు కడప సీమతో పాటు ఈ ప్రాంతమూ నిజాముకు దక్కింది. తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు పటాలాల ఖర్చు కింద నిజాము 1800 అక్టోబరు 12న దీన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాల పుట్టుక అది.

అనంతపురం కేంద్రంగా 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోకు ఎదురుపడినవాళ్లు దాదాపు 80 మంది పాలెగాళ్లు. లొంగనివారిని సైన్యంతో తరిమి, లొంగినవారికి తవర్జీ (భరణం) ఇచ్చి, కోటలనూ బంట్లనూ లేకుండా చేశాడు. పొలాలు కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీకి దారి వేశాడు. ఊళ్లో పాలెగాడి మాటకున్న బరువు తహసీల్దారు కచేరీకి మారింది. సంస్కరణగా దీనికి మంచి పేరే ఉంది గానీ, తొలి శిస్తులు మాత్రం రైతు మోయలేనంత బరువైనవి.

తవర్జీలూ ఇనాములూ తెగిపోతున్న కొద్దీ అసంతృప్తి పెరిగింది. 1846 జూలైలో పాలెగాళ్ల వంశీయుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. పోరు గిద్దలూరు వైపూ నల్లమల అడవుల్లోకీ పాకింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరితీశారు. అంతకుముందే, 1839లో, ఆయుధాలు పోగేశాడన్న నేరం మీద కర్నూలు నవాబును కంపెనీ తొలగించింది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కంభం, మార్కాపురం తాలూకాలు కడప నుంచి దాని కిందికి మారాయి.

ఈ సీమ రూపు మార్చిన పెద్ద దెబ్బ 1876–78 నాటి కరవు. కర్నూలు జిల్లాలో 1871లో తొమ్మిది లక్షలు దాటిన జనాభా 1881కి ఏడు లక్షల లోపుకు పడిపోయింది. చావులతో పాటు వలసలూ అందుకు కారణం. కరవు ప్రాంతాలకు ధాన్యం చేర్చే రైళ్లు కావాలని 1880 నాటి కరవు కమిషన్ సిఫారసు చేసింది. ఆ దశాబ్దంలోనే గుంతకల్లు నుంచి బెజవాడ వైపు మీటరు గేజి లైను పడింది. గాజులపల్లె, దిగువమెట్ట మధ్య నల్లమలను దాటడానికి బొగద తవ్వారు, దొరబావి దగ్గర ఎత్తయిన వంతెన కట్టారు. కనుమల గుండా ఎద్దుల మీద ఉప్పు మోసిన లంబాడీల వ్యాపారాన్ని రైలు దెబ్బతీసింది. అదే కాలంలో 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నల్లమలలోని చెంచుల అడవిని రిజర్వు చేసింది.

రైలు పెంచిన ఊరు దొనకొండ. లోకోషెడ్డు, క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలతో అది రైల్వే కాలనీగా ఎదిగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడే విమానాశ్రయం వెలిసింది. మార్కాపురం పలకలు దేశమంతా వెళ్లిందీ ఈ లైను మీదుగానే.

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి విడివడి అందులో చేరాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు.